నాన్న చేతిగడియారం, మా షాపు వైసు

ఉగాది పొట్లక్‌లో కొత్తగా పరిచయమైనవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "మీరు ఏ టెక్నాలజీ అండీ?" అని. "లేతు, మిల్లింగు" అంటాను. ఒక్క క్షణం ఆగి, అదేదో కొత్త సాఫ్ట్‌వేర్ పేరేమో అన్నట్టు తలాడిస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఇదే వరస, నాకూ అలవాటైపోయింది.

షికాగో పక్కన, ఓహేర్ విమానాశ్రయాన్ని ఆనుకుని ఎల్క్ గ్రోవ్ విలేజ్ అని ఒక ఊరుంది. పేరులో విలేజ్ ఉన్నా అందులో ఒక భాగమంతా ఫ్యాక్టరీ షెడ్లే. ఆ షెడ్లలో ఒక చిన్నది మాది. మూడు సి.ఎన్.సి. మిల్లింగ్ మిషన్లు, ఒక సి.ఎన్.సి. లేతు, నాతో కలిపి ఐదుగురం. ప్యాకింగ్ మిషన్లకీ ఆసుపత్రి పరికరాలకీ కావలసిన అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలు పదీ, ఇరవై, నలభై చొప్పున చేసిస్తాం. వేలల్లో చేసే పని మా దగ్గరికి రాదు, అది వేరే లోకం.

2022లో మేము ఆ భాగాల్ని మిషను మీద పట్టి ఉంచే పద్ధతి మార్చాం. వినడానికి చాలా చిన్న విషయం. ఆ చిన్న విషయంలో ఒక పెద్ద కస్టమర్ చెయ్యి జారిపోబోయాడు, మా షాపులో అందరికన్నా పనితెలిసిన మనిషిని నేనే పోగొట్టుకోబోయాను. మా నాన్న ఆర్నెల్లు ఇక్కడికి రాకపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో.

ముందు పట్టి ఉంచడమంటే ఏమిటో చెప్పాలి. అమ్మ కొబ్బరి కోరేటప్పుడు కోరాముపీటని కాలితో తొక్కిపట్టి కూర్చోవడం మనందరం చూసిందే. పీట కదిలితే కొబ్బరి కాదు, వేలు తెగుతుంది. మిషను షాపులోనూ అంతే. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే కట్టరు ఒకవైపు, అది కోసే లోహపు ముక్క ఇంకోవైపు. ఆ ముక్కని మేము జాబ్ అంటాం. జాబ్ కదలకూడదు, వంగకూడదు, ప్రతి కొత్త ముక్కా ముందటిది కూర్చున్న చోటే కూర్చోవాలి. ఎంత కచ్చితంగా అంటే, అంగుళంలో వెయ్యో వంతు తేడా వచ్చినా మా పనిలో కొన్ని భాగాలు చెత్తబుట్టకే. ఆ వెయ్యో వంతుని థౌ అంటాం, బాలానగర్‌లోనూ అదే మాట, షికాగోలోనూ అదే మాట.

అమెరికాలో చిన్న షాపులన్నిట్లో కనిపించేది ఆరంగుళాల మిషను వైసు. మినియాపొలిస్‌లోని కర్ట్ కంపెనీవాళ్ళ వైసు ఎన్నో దశాబ్దాలుగా ఇక్కడ కొలబద్దలాంటిది. దాన్ని మిషను బల్ల మీద గాళ్ళలో టీ నట్లు దూర్చి బోల్టులతో బిగించాలి. బిగించే ముందు ట్రూ చెయ్యాలి. స్పిండిల్‌కి డయల్ తగిలించి, వైసు కదలని జా పొడవునా నడిపిస్తూ, ముల్లు ఎటు పోతే అటు నుంచి మెత్తటి సుత్తితో ఒక్కొక్క దెబ్బ వేస్తూ, ముల్లు కదలకుండా నిలబడేదాకా చెయ్యాలి. చేయి తిరిగినవాడికి పావుగంట. లేనివాడికి గంట, పైగా ఏడుపు. జాబ్ వంకర ఆకారమైతే దానికి తగ్గట్టు అల్యూమినియం సాఫ్ట్ జాలు కోసుకోవాలి. తర్వాతి పనికి అదంతా విప్పి, మళ్ళీ మొదటి నుంచీ.

మా షాపులో ఈ పనికి పెట్టింది పేరు ఒక పోలండాయన. షికాగోలో పోలండువాళ్ళు చాలామంది, మిషను షాపుల్లో ఇంకా ఎక్కువ. 2014లో నేను ఈ షాపు కొన్నప్పుడు పాత యజమాని మిషన్లతోపాటు ఆయన్ని కూడా అప్పగించి వెళ్ళాడు అనొచ్చు. అప్పటికే యాభై దాటాయి. ఆయన వైసు ట్రూ చేస్తుంటే చూడడం ఒక ముచ్చట. మూడు దెబ్బలు, నాలుగో దెబ్బ ఉండదు.

2020లో కోవిడ్ వల్ల జరగని ఐ.ఎం.టి.ఎస్. ప్రదర్శన 2022 సెప్టెంబరులో మళ్ళీ మెకార్మిక్ ప్లేస్‌లో జరిగింది. నాలుగేళ్ళ తర్వాత కాబట్టి జనం తిరునాళ్ళలా ఉన్నారు. ఒక స్టాల్‌లో ఒక కుర్రాడు ఒక మిషను మీది వైసుని జాబ్‌తో సహా ఒక్క స్క్రూ తిప్పి పైకి లేపి, పక్క మిషను మీద పెట్టి, స్క్రూ బిగించి, మీట నొక్కాడు. ట్రూ చెయ్యలేదు, డయల్ పెట్టలేదు. అర నిమిషం. నేను అక్కడే నిలబడి మూడుసార్లు చూశాను.

దీన్ని జీరో పాయింట్ పద్ధతి అంటారు. కొత్తగా ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. స్విట్జర్లాండ్‌లో ఎరోవా, స్వీడన్‌లో సిస్టమ్ 3ఆర్ వాళ్ళు ఈ.డి.ఎం. మిషన్ల మీద ఎలక్ట్రోడ్లని తీసి పెట్టడానికి ఇలాంటివి ఎప్పటినుంచో చేస్తున్నారు. జర్మనీ నుంచి షుంక్, లాంగ్, ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ నుంచి జర్గెన్స్, అందరివీ తలా ఒక రకం ఉన్నాయి. మూలసూత్రం ఒకటే. మిషను బల్ల మీద ఒక ప్లేటు శాశ్వతంగా బిగించి ఉంటుంది, దాన్ని ఒక్కసారి ట్రూ చేస్తే చాలు. వైసు అడుగున నాలుగు స్టడ్లు. మేము కొన్న రకంలో వాటి మధ్య దూరం 52 మిల్లీమీటర్లు. స్టడ్లు ప్లేటు రంధ్రాల్లో దిగుతాయి, పక్కనున్న స్క్రూ బిగిస్తే వాటి మెడ పట్టుకుని కిందికి లాగుతుంది. పెద్ద రకాల్లో స్ప్రింగులు బిగించి ఉంచుతాయి, గాలి ఒత్తిడి పెడితేనే వదులుతాయి. కంప్రెసర్ ఆగిపోయినా జాబ్ ఎగిరిపోదన్నమాట. అన్ని స్టడ్లూ గుండ్రంగా ఉంటే ఒకదానితో ఒకటి పోట్లాడతాయి కాబట్టి, ఆ రకాల్లో ఒకటి నిండుగా గుండ్రం, ఒకటి రెండు పక్కలా చెక్కిన ఆకారం, మిగతావి కొంచెం వదులు. మొదటిది చోటు చెబుతుంది, రెండోది తిరగకుండా ఆపుతుంది, మిగతావి ఊరికే లాగిపట్టుకుంటాయి.

దాని మీద కూర్చునే వైసు కూడా వేరు. పాత వైసులో ఒక జా కదలదు, రెండోది వచ్చి నొక్కుతుంది. ఇందులో రెండూ సమానంగా మధ్యకి వస్తాయి. జాబ్ రెండంగుళాలదైనా నాలుగంగుళాలదైనా దాని నడిమి గీత కదలదు, అంటే మిషనుకి చెప్పే సున్నా కూడా కదలదు. ఇంకొకటి, ముందుగా ఒక చిన్న ప్రెస్సుతో ముడి ముక్క పక్కల్లో పళ్ళగాట్లు వేస్తే, వైసు జాల పళ్ళు ఆ గాట్లలో సరిగ్గా కూర్చుంటాయి. మూడు మిల్లీమీటర్ల పట్టు చాలు, అంటే దాదాపు ఒక సూత్. మిగతా జాబ్ అంతా గాల్లో ఉంటుంది కాబట్టి ఐదు పక్కలా కోయొచ్చు.

రెండు మిషన్లకి ప్లేట్లు, ఎనిమిది వైసులు, గాట్లు వేసే ప్రెస్సు, స్టడ్లు, అన్నీ కలిపి ఇరవైనాలుగు వేల డాలర్లు. మా లెక్కలన్నీ చూసేది మా ఆవిడ. అప్పు తీసుకోవడానికి కారణాలు చూపిస్తూ ఒక స్ప్రెడ్‌షీట్ చేసి ఇచ్చాను. అందులో ఐదో లైను ఇలా ఉంది: "సెటప్ మనిషి అవసరం తగ్గడం వల్ల మిగిలే జీతం." ఆ లైను రాసినప్పుడు నా మనసులో ఉన్నది ఎవరో నాకు తెలుసు, ఆవిడకీ తెలిసింది.

"ఈ లైను తీసెయ్యండి. ఇది లేకుండా లెక్క కుదిరితేనే కొందాం," అంది.

తీసేశాను. లెక్క ఎలాగో కుదిర్చాను. కానీ ఆ ఫైలు షాపు కంప్యూటర్‌లో ఉందని, పాత కాపీలో ఆ లైను అలాగే ఉందని అప్పుడు గుర్తు రాలేదు.

డిసెంబరులో ప్లేట్లు వచ్చాయి. పోలండాయన ఏమీ అనలేదు, తన పద్ధతిలో పరీక్ష చేశాడు. వైసు పెట్టి, డయల్ చూసి, తీసి, మళ్ళీ పెట్టి, పదిసార్లు. ముల్లు అటూ ఇటూ రెండు పదివేలవంతుల అంగుళం మించి కదలలేదు. "గుడ్," అన్నాడు. తర్వాత రెండు మాటలు చెప్పాడు. ప్లేటు, దాని మీద ఎత్తు వైసు కలిసి మిషనులో పైన ఉన్న జాగా తినేస్తాయి, పొడుగు డ్రిల్లు పెడితే ఇరుకవుతుంది. చిప్స్ గనక స్టడ్ రంధ్రంలో పడితే నీ రెండు పదివేలవంతులూ గాలికి పోతాయి. రెండూ నిజమే. అప్పట్లో నాకు అవి కొత్తదంటే పడని పెద్దవాడి నసలా వినిపించాయి.

జనవరిలో మా పనిలో మూడోవంతు ఇచ్చే కస్టమర్ నుంచి ఉత్తరం వచ్చింది. వరసగా మూడు డెలివరీలు ఆలస్యం. జూన్ ఆఖరుకి దారిలో పడకపోతే వేరే షాపు చూసుకుంటామని మర్యాదగానే రాశారు. నేను ఇరవైనాలుగు వేలు పెట్టి కొన్నది పనులు త్వరగా అవడానికే కదా, మరి ఎందుకు అవడంలేదో నాకే అర్థం కాలేదు. అర్థం కానప్పుడు మనం చేసే పని ఒకటే: అందర్నీ తొందరపెట్టడం.

ఫిబ్రవరిలో దాని ఫలితం చూశాను. మూడంగుళాల ఎత్తున్న అల్యూమినియం ముక్క. గాట్లు వేసే ప్రెస్సు దగ్గర వేరే పని నడుస్తోంది. "గాట్లు లేకపోయినా పర్లేదు, గట్టిగా బిగించు," అని మా కుర్ర మెషినిస్టుకి చెప్పింది నేనే. మూడు మిల్లీమీటర్ల పట్టు గాట్లున్నప్పుడు చాలుతుంది. గాట్లు లేనప్పుడు అది చేతివేళ్ళ కొసలతో బిందె పట్టుకున్నట్టే. అర అంగుళం కట్టరు కోస్తూ కోస్తూ, దాని మెలిక జాబ్‌ని పైకి లాగింది. పెద్ద చప్పుడు. కట్టరు విరిగింది, ముక్క ఎగిరి తలుపు అద్దానికి తగిలింది. ఆ అద్దం పాలికార్బొనేట్ కాబట్టి నెర్ర ఇచ్చి ఊరుకుంది. దాని అవతల, సరిగ్గా మొహం ఎత్తులో, ఆ కుర్రాడు నిలబడి ఉన్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మార్చిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో ముప్ఫైయేళ్ళు పనిచేశారు. ఆ పక్కనే 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో నన్ను చేర్పించింది కూడా ఆయనే. అమ్మకి ఇక్కడ మనవరాలు, టీవీ, పక్కింటి విజయవాడ పిన్నిగారు ఉన్నారు. నాన్నకి మూడో రోజుకే తోచలేదు. "నీ షాపుకి వస్తానురా," అన్నారు.

విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి షాపులో పని ముట్టుకోకూడదు. అందుకని ముందే ఒప్పందం చేసుకున్నాం. ఒక కుర్చీ, సేఫ్టీ కళ్ళద్దాలు, పసుప్పచ్చ గీతకి ఇవతల. చూడొచ్చు, చెయ్యి పెట్టకూడదు. సరేనన్నారు. మర్నాడు చూస్తే మా అమ్మాయి స్కూలు నోటుబుక్కు ఒకటి, పెన్సిలు, చేతికి హెచ్.ఎం.టి. గడియారం. పాతకాలం బాలానగర్ మనిషి కాబట్టి ఆ గడియారం అంటే ప్రాణం. హిందుస్తాన్ మెషీన్ టూల్స్ అంటేనే లేతులు చేసే కంపెనీ, వాచీలు 1961లో తర్వాత మొదలుపెట్టింది. ఆయన దృష్టిలో అది కూడా మిషను పనే.

వారం తర్వాత రాత్రి భోజనాల దగ్గర అడిగారు.

"ఏరా, ఆ పళ్ళేలు ఎంత పెట్టి కొన్నావు?"

"రెండు మిషన్లకీ కలిపి ఇరవైనాలుగు వేలు నాన్నా."

మనసులో రూపాయల్లోకి మార్చుకున్నారు. ఇరవై లక్షల దగ్గర ఆగినట్టున్నారు, పెరుగన్నం కలపడం ఆగింది.

నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. తెలుగులో, పెన్సిలుతో, నిమిషాలతో సహా. "10:05, జాల కోసం వెళ్ళాడు. 10:17, వచ్చాడు, ఇవి కావట. 10:18, మళ్ళీ వెళ్ళాడు." ఒక పని ఆఖరి ముక్క దిగిన దగ్గర్నుంచి తర్వాతి పని మొదటి మంచి ముక్క దిగేదాకా మొత్తం 146 నిమిషాలు. అందులో వెతుకులాట 52. కట్టర్లు ఎక్కించి పొడవులు కొలవడం 38. సాఫ్ట్ జాలు కోయడం 31. సున్నా పెట్టి మొదటి ముక్క చూసుకోవడం 21. వైసు మార్చడం నాలుగు.

"ఇరవై లక్షలు పెట్టి కొన్నది దాని పని నాలుగు నిమిషాల్లో చేసిపెట్టింది, దాన్నేమీ అనడానికి లేదు," అన్నారు. "మిగతా రెండు గంటల ఇరవైరెండు నిమిషాలు ఎవరు చూస్తారు? మిషను ఖాళీగా ఉంది, మనుషులు తిరుగుతున్నారు."

ఆ రోజు జరిగిన పని ఇరవై ముక్కలు, ఒక్కోటి ఆరు నిమిషాలు. అంటే కోత రెండు గంటలు, దానికి ముందు తయారీ రెండున్నర గంటలు. చిన్న చిన్న ఆర్డర్లతో బతికే షాపులో ఇదే అసలు జబ్బు. ప్లేట్లు కొనక ముందు ఇది దాదాపు మూడు గంటలు ఉండేది. నేను తగ్గించింది ట్రూ చేసే ఆ అరగంటని.

నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఇది నేను చదవనిది కాదు. ఈ విషయం మీద జపాన్ ఇంజనీరు షిగేవో షింగో రాసిన పుస్తకం 1985లో ఇంగ్లీషులో వచ్చింది, నా అలమారలో ఉంది. 1950లో హిరోషిమాలో తోయో కోగ్యో ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు, అంటే తర్వాత మాజ్డా అయిన కంపెనీకి, పెద్ద ప్రెస్సు ఆపి డై మారుస్తున్న మనిషి ఒక్క బోల్టు కనబడక దాని కోసం గంటకి పైగా తిరిగాడట. చివరికి వేరే ప్రెస్సుకి చెందిన పొడుగు బోల్టు తెచ్చి కోసి మర వేసుకుని వచ్చాడు. అక్కడే షింగోకి తట్టింది: మిషను ఆపితేనే చేయగలిగే పనులు కొన్ని, మిషను నడుస్తుండగానే చేసిపెట్టుకోగలిగేవి కొన్ని. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి నాలుగు గంటలు పట్టే డై మార్పు ముందు గంటన్నరకి, ఆ తర్వాత మూడు నిమిషాలకి దిగింది. నాన్న ఆయన పేరు కూడా వినలేదు. "మా ఫోర్‌మన్ ఇదే చెప్పేవాడురా, కాకపోతే బూతులతో," అన్నారు.

మర్నాటి నుంచి పని మొదలుపెట్టాం. అసలు చెయ్యి పోలండాయనది. నాన్నకి ఆయన ఇంగ్లీషు సగం అర్థం కాదు, ఆయనకి నాన్నది అసలు అర్థం కాదు. ఇద్దరూ డయల్ ముల్లు చూపించుకుంటూ, నోటుబుక్కులో బొమ్మలు గీసుకుంటూ మాట్లాడుకునేవారు. నాన్న ఆయన్ని "పోలండాయన" అనేవారు, ఆయన నాన్నని "సర్" అనేవాడు. షాపులో నన్ను ఇంతవరకు ఎవరూ సర్ అనలేదు.

ఏం చేశామంటే, చాలావరకు చవక పనులే. చక్రాల బండ్లు నాలుగు కొన్నాం. రేపటి పనికి కావలసిన వైసు, జాలు, కట్టర్లు, కొలత పరికరాలు, డ్రాయింగు ఈ రోజే బండిలో సర్దాలి. ఇరవై కట్టర్లు పట్టే మిషనులో తరచూ వాడే పన్నెండింటికి శాశ్వతంగా చోటు ఇచ్చాం. అవి ఏ పనికైనా కదలవు, వాటి పొడవు మళ్ళీ కొలవక్కర్లేదు. మిగతా ఎనిమిదే మారతాయి, వాటి పొడవులు బల్ల మీదే కొలుచుకుంటాం.

సాఫ్ట్ జాల దగ్గరే ప్లేటు ఖరీదు మాకు నిజంగా తెలిసొచ్చింది. అంతకుముందు ప్రతిసారీ జాలు మళ్ళీ ఎందుకు కోసేవాళ్ళం? వైసు నుంచి విప్పి మళ్ళీ బిగిస్తే పాత చోట కూర్చోవు కాబట్టి. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ వచ్చే పనులకి జాలు విప్పనే విప్పం. వైసుతో సహా షెల్ఫులో, పని నంబరు రాసిన చీటీతో ఉంటాయి. పని రాగానే వైసు తెచ్చి ప్లేటు మీద పెడితే జాలు ఆర్నెల్ల క్రితం కోసిన చోటే ఉంటాయి. ప్లేటు అమ్మినవాడు ఈ మాట చెప్పాడేమో, నాకు మాత్రం అర నిమిషం వైసు మార్పు తప్ప ఇంకేమీ వినబడలేదు. దీనికోసం ఇంకో నాలుగు వైసులు కొనాల్సి వచ్చింది. ఆ సంగతి మా ఆవిడకి చెప్పేటప్పుడు నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

చిప్స్ సంగతి పోలండాయన చెప్పినట్టే అయింది. ఏప్రిల్‌లో ఒకరోజు వరసగా ఆరు ముక్కలు మూడు థౌ వాలుగా వచ్చాయి. స్టడ్ కింద జుట్టుపోగంత అల్యూమినియం తీగ. ఇప్పుడు వైసు దించే ముందు గాలి కొట్టడం, గుడ్డతో తుడవడం, అరచేత్తో తడిమి చూడడం, మూడూ తప్పనిసరి. వాడని రంధ్రాలకి మూతలు. గాట్లు లేని ముక్క ఆ వైసులోకి వెళ్ళదు, ఎంత తొందరైనా సరే. ఈ చివరిది రాసి గోడకి అంటించింది నేను, ఎందుకో మా వాళ్ళందరికీ తెలుసు.

మే నెలలో ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక పోలండాయన ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ పాత ఫైలు చూశానన్నాడు. ఎప్పుడు చూశాడని అడగలేదు, జనవరిలోనే చూసి ఉంటాడు. "ఇదంతా కుదిరాక నేను అవసరమా?" అని అడిగాడు, కోపంగా కాదు, వైసు కొలత అడిగినట్టు.

అబద్ధం ఆడడానికి తెగువ రాలేదు. ఆ లైను రాసినప్పుడు నీ గురించే రాశానని, తప్పని తర్వాత తెలిసిందని చెప్పాను. ఎలా తెలిసిందో కూడా చెప్పాను: వైసు ట్రూ చేయడం ఒక్కటే నీ పని అనుకున్నాను, అది నీ పనిలో అరగంటే. ఏ జాబ్ ఎక్కడ పట్టుకుంటే వంగదో, సన్నగోడలున్న ముక్కని ఎంత బిగిస్తే వదిలాక గుడ్డు ఆకారం అవుతుందో, ఏ పక్క ముందు కోయాలో, ఇవి ఏ ప్లేటూ చెప్పదు. ఆయన కాసేపు విని, "ఆ ఫైలు తీసెయ్," అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రే తీసేశాను. ఆయన నన్ను పూర్తిగా క్షమించాడో లేదో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆయన మిషను దగ్గర నిలబడడం తక్కువ, తయారీ బల్ల దగ్గరే ఉంటాడు, రేపటి బండ్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్తాయి. ఆ అక్టోబరులో మా కుర్ర మెషినిస్టు ఎక్కువ జీతానికి పెద్ద కంపెనీకి వెళ్ళిపోయాడు. ఐదో లైను ప్రకారం నేను నడుచుకుని ఉంటే అప్పుడు షాపులో సెటప్ తెలిసినవాళ్ళెవరూ మిగిలేవారు కాదు.

జూలైకి అదే ఇరవై ముక్కల పని మళ్ళీ వచ్చింది. నాన్న గడియారం ప్రకారం 34 నిమిషాలు. కస్టమర్ నిలబడ్డాడు గానీ అప్పటికే రెండు రకాల భాగాలు వేరే షాపుకి ఇచ్చేశాడు, అవి తిరిగి రాలేదు. అమ్మినవాడు ఐదు నెలల్లో డబ్బు తిరిగొస్తుందన్నాడు, మాకు పద్నాలుగు నెలలు పట్టింది. మిషను మీద గంటలు మిగలడం వేరు, ఆ గంటల్లో పెట్టడానికి పని దొరకడం వేరు. "మిగిలిన గంటలు తీసుకెళ్ళి బ్యాంకులో వెయ్యలేం కదండీ," అని మా ఆవిడ ఎన్నిసార్లు అందో.

ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అన్నదమ్ముల షాపులుంటే, వాళ్ళు నన్నడిగేదే మీకూ చెప్తాను. ఒకే భాగం వేలల్లో చేసేవాళ్ళకి ఇది అక్కర్లేదు, దానికంటూ ఒక ఫిక్స్చర్ కట్టించుకుంటే చాలు. పెద్ద పోతపోసిన భాగాలకీ కుదరదు. మా మూడో మిషను మీద ఇప్పటికీ పాత వైసులు, క్లాంపులే ఉన్నాయి, పోలండాయన చెప్పిన ఎత్తు సమస్య వల్ల. పది రకాల పనులు రోజూ మారుతుండేవాళ్ళు మాత్రం ముందు ఒక వారం గడియారం పట్టుకుని కూర్చోండి. కొనేది ఏదైనా ఆ తర్వాతే.

అంత డబ్బు లేకపోతే సగం దారి కూడా ఉంది. మందపాటి ప్లేటుకి రెండు డోవెల్ పిన్నులు, ఒకటి గుండ్రం, ఒకటి రెండు పక్కలా అరగదీసింది, నాలుగు బోల్టులు. వైసు అడుగున వాటికి సరిపడా గట్టి బుష్‌లు. జాగ్రత్తగా చేస్తే ఒక థౌ లోపల తిరిగి కూర్చుంటుంది. ఎనభైల్లో తమ టూల్‌రూమ్‌లో ఇదే చేశారట. ఇక్కడికొచ్చి నెల రోజులయ్యాక ఈ మాట చెప్పారు నాన్న. ముందే ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అప్పటికే కొనేశావు కదరా, చెప్పి ఏం లాభం," అన్నారు.

ఆగస్టు ఆఖర్లో వాళ్ళని ఓహేర్‌లో విమానం ఎక్కించాను. నోటుబుక్కు నాకు ఇచ్చారు, పెన్సిలు మాత్రం తీసుకెళ్ళారు. ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి వారానికి రెండు రోజులు, తన దగ్గర పని నేర్చుకున్న ఒకాయన షాపుకి వెళ్ళి కూర్చుంటున్నారని అమ్మ చెప్పింది. మొన్న ఆదివారం ఫోను చేసి, యోగక్షేమాలు కూడా అడగకుండా, "ఒరేయ్, ఆ స్టడ్ల మధ్య దూరం 52 అన్నావు కదా, అందులో ఎంత తేడా దాకా ఒప్పుకుంటారు?" అన్నారు.

"ప్లేటు కొంటున్నారా?"

"కొనడమెందుకురా, మా దగ్గర జిగ్ బోరర్ ఉంది."

రేపు షాపుకెళ్ళి కొలిచి చెప్తానన్నాను.